కాలము ఒకటి, సంఖ్యలు వేరు

నలుగురు కలిసి ఒక కార్యము సాధింపవలెనన్నచో రెండు ఒప్పందములు ముందుగా జరుగవలెను. అందరికిని కాలము ఒకటిగా నుండవలెను. ఒకరి గుర్తు వేరొకరికి ఉండరాదు. మన పాఠశాలనే చూడుడు. గంట కొట్టు బంట్రోతు గడియారము ఒక వేళను, ఉపాధ్యాయుని గడియారము మరియొక వేళను చూపినచో ఏ పాఠము ఎప్పుడు ముగియునో ఎవరికిని తెలియదు. హాజరుపట్టీలో ఇద్దరు విద్యార్థులకు ఒకే సంఖ్య వేసినచో ఒకరి మార్కులు వేరొకరి పేర పడును. మనుష్యులకు వర్తించు ఈ నియమమే నేడు యంత్రములకును వర్తించుచున్నది.

మన బెంగుళూరు నగరమున వైట్‌ఫీల్డు, ఎలక్ట్రానిక్ సిటీ మొదలగు ప్రాంతములలో కంప్యూటర్లతో నిండిన పెద్ద భవనములు కలవు. మన తల్లిదండ్రుల బ్యాంకు పొదుపు, ఆసుపత్రిలో రోగుల చీటీలు, రైలు టిక్కెట్ల లెక్కలు, పరీక్షలలో మనకు వచ్చిన మార్కులు ఇట్టి భవనములలోని యంత్రములలోనే నిలువయుండును. ఆ నిల్వను కాపాడు పనిలో, పైన చెప్పిన రెండు ఒప్పందములు ఎట్లు కుదుర్చబడునో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నిల్వ జాలము అనగానేమి?

ఇంటిలోని కంప్యూటరులో లెక్కించు భాగమును, దాచు భాగమును ఒకే పెట్టెలో ఉండును. దాచు భాగమును డిస్కు అందురు. కాని ఒక పెద్ద బ్యాంకునకు వందల కొలది కంప్యూటర్లు ఉండును. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క డిస్కు పెట్టినచో ఒకదానిలో చోటు చాలక, మరియొకదానిలో చోటు వృథాయగును. ఒక కంప్యూటరు చెడినచో దానిలోని సమాచారమును అందుకొనుటయు కష్టమగును. అందుచేత డిస్కులన్నిటిని వేరుగా పెద్ద బీరువాల వంటి పెట్టెలలో అమర్చి, కంప్యూటర్లన్నియు వానిని పంచుకొనునట్లు చేయుదురు. ధాన్యమును ఎవరి యింట వారు దాచుకొనుటకు మారుగా ఊరికంతకు ఒక గిడ్డంగి కట్టుకొనుట వంటిదే ఇది.

కంప్యూటర్లకును నిల్వ పెట్టెలకును నడుమ వెండ్రుకవలె సన్నని గాజు తీగలు వేయుదురు. వానిగుండ కాంతి రూపమున సమాచారము ప్రయాణించును. ఈ దారులు కలియుచోట ఉండు యంత్రమునకు స్విచ్చు అని పేరు. ఇది మన యింట దీపము వెలిగించు మీట వంటిది కాదు. గుంతకల్లు జంక్షనుకు నాలుగు దిక్కులనుండి వచ్చు బండ్లను ఏ పట్టాలమీదికి పంపవలెనో అచ్చటి సిబ్బంది నిర్ణయించినట్లు, ఒక ద్వారమున వచ్చిన సమాచారమును ఏ ద్వారమున బయటికి పంపవలెనో స్విచ్చు నిర్ణయించును. ఈ యేర్పాటు మొత్తమునకు స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్ అని పేరు. మనము నిల్వ జాలము అందము. దీనిలో విరివిగా వాడబడు పద్ధతికి ఫైబర్ ఛానెల్ అని పేరు. అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థ 1994లో దీనిని ప్రమాణముగా ఆమోదించినది.

చిరునామాలోని మొదటి భాగము

ఉత్తరము చేరవలెనన్నచో చిరునామా సరిగా నుండవలెను. బెంగుళూరిలో ఈ విషయము చక్కగా తెలియును. ఇచ్చటి వీధులకు మెయిన్, క్రాస్ అని వరుస సంఖ్యలు పెట్టుట వాడుక. మల్లేశ్వరమున 8వ క్రాసు కలదు. ఇతర పేటలలోను 8వ క్రాసులు కలవు. పేట పేరు వ్రాయక 8వ క్రాసు అని మాత్రము వ్రాసినచో తపాలా బంట్రోతు ఏమి చేయగలడు? ఈ చిక్కు తీర్చుటకే 1972 ఆగస్టు 15వ తేదీన మన దేశమున ఆరంకెల పిన్ కోడు ప్రవేశపెట్టబడినది. అందు మొదటి అంకె 5 అయినచో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక ప్రాంతమని గుర్తు. మొదటి మూడంకెలు 560 అయినచో బెంగుళూరు అని గుర్తు. అనంతపురమునుండి మన బంధువులు వ్రాసిన ఉత్తరము మొదట ఈ అంకెలనుబట్టియే సరియైన సంచిలో పడును.

నిల్వ జాలములోని చిరునామాయు ఇట్టిదే. అది 24 ద్వ్యంకములు గలది. ద్వ్యంకమనగా 0 గాని 1 గాని అగు అంకె. ఆ 24ను ఎనిమిదేసి చొప్పున మూడు భాగములు చేసిరి. మొదటి భాగము ఏ స్విచ్చో తెలుపును. రెండవ భాగము సాధారణముగా ఆ స్విచ్చునందలి ఏ ద్వారమో తెలుపును. మూడవ భాగము ఆ ద్వారము వెనుకనున్న ఏ పరికరమో తెలుపును. మొదటి భాగమగు స్విచ్చు సంఖ్యకు డొమైన్ ఐడి అని వ్యవహారము. ఎనిమిది ద్వ్యంకములతో 0 మొదలు 255 వరకు 256 సంఖ్యలు వ్రాయవచ్చును. అందు కొన్ని ప్రత్యేక కార్యములకు ప్రత్యేకింపబడినవి. స్విచ్చులకు ఈయదగినవి 1 మొదలు 239 వరకు మాత్రమే.

స్విచ్చునకు ఇంకొక గుర్తు కూడ కలదు. దానిని వరల్డ్ వైడ్ నేమ్ అందురు. అది 64 ద్వ్యంకముల పొడుగు గలది. తయారుచేసిన కర్మాగారమే దానిని వేయును. ప్రపంచమున ఏ రెండు పరికరములకును అది ఒకటిగా ఉండరాదు. అట్లయిన డొమైన్ సంఖ్య యేల? మనిషికి పేరున్నను ఇంటికి సంఖ్య కావలసినట్లే ఇదియు. పేరు ఎవరో తెలుపును. చిరునామా ఎచ్చట నున్నారో తెలుపును. తపాలా వేగముగా పంచుటకు రెండవదే అక్కరకు వచ్చును.

రెండు తరగతులను కలిపినపుడు

ఒక పాఠశాలలో పదవ తరగతికి రెండు విభాగములున్నవనుకొందము. ఒక్కొక్క విభాగమున హాజరు సంఖ్య 1 తోనే మొదలగును. అవి వేరుగా నున్నంత కాలము చిక్కు లేదు. ఒకనాడు రెండింటిని ఒకే గదిలో కూర్చుండబెట్టి, పట్టీ మార్చకయే హాజరు పిలిచినచో ‘7’ అనగానే ఇద్దరు లేచి నిలుతురు. తప్పు ఆ ఇద్దరిది కాదు. కలుపుటకు ముందు పట్టీ చూడని పెద్దలది.

స్విచ్చుల విషయమున సరిగా ఇదియే జరుగును. కర్మాగారమునుండి క్రొత్తగా వచ్చు స్విచ్చులలో అనేకములకు డొమైన్ సంఖ్య 1 గానే వేయబడియుండును. అట్టివి రెండు వేర్వేరు జాలములలో ఏండ్ల తరబడి పనిచేసిన పిమ్మట, సంస్థ పెరిగి ఆ రెండు జాలములను ఒక తీగతో కలుపవలసి వచ్చినదనుకొందము. తీగ తగిలించిన వెంటనే స్విచ్చులు ఒకదానితో నొకటి తమ సంఖ్యలను చెప్పుకొనును. ఒకే సంఖ్య రెండింటికిని ఉన్నదని తెలిసినచో అవి ఆ దారిని మూసివేయును. ప్రక్కప్రక్కనే యున్నను రెండు జాలములును వేరుగానే మిగులును. ఇది చూచువారికి మొండితనముగా తోచును గాని వాస్తవమున అది జాగ్రత్తయే. ఒకరి ఉత్తరము వేరొకరి యింట పడుటకంటె తపాలా ఆగియుండుటయే మేలు కదా!

సంఖ్య పంచు బాధ్యత ఒక స్విచ్చుపై ఉండును. తరగతికి నాయకుడున్నట్లు ప్రతి జాలమునకు ఒక ముఖ్య స్విచ్చు ఏర్పడును. ఈ యెన్నికకు నిర్ణీతమైన పద్ధతి కలదు. ప్రతి స్విచ్చునకు ప్రాధాన్య సంఖ్య యొకటి ఉండును. ఎవరిది చిన్నదో ఆ స్విచ్చే ముఖ్యమగును. ప్రాధాన్యములు సమానమైనచో వరల్డ్ వైడ్ నేమ్ చిన్నదిగా గల స్విచ్చు నెగ్గును. పిమ్మట తక్కిన స్విచ్చులు తమకు కావలసిన సంఖ్యను ముఖ్య స్విచ్చును అడిగి పుచ్చుకొనును.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. స్విచ్చు సంఖ్యను కోరుటలో రెండు విధములు కలవు. ‘ఈ సంఖ్య యిచ్చిన సంతోషము, లేనిచో వేరొకటి యిచ్చినను సరే’ అనుట మొదటి విధము. ‘ఈ సంఖ్యయే కావలెను, వేరొకటి ఐనచో నేను చేరను’ అనుట రెండవ విధము. మొదటిది సౌమ్యముగా కనిపించును గాని అపాయకరమైనది. విద్యుత్తు పోయి తిరిగి వచ్చిన రాత్రి స్విచ్చునకు వేరొక సంఖ్య రావచ్చును. చిరునామాలోని మొదటి భాగమే మారుటచే ఆ స్విచ్చు వెనుకనున్న సమస్త పరికరముల చిరునామాలును మారిపోవును. పూర్వపు కంప్యూటరు వ్యవస్థలలో కొన్ని, డిస్కును ఆ చిరునామాను బట్టియే గుర్తించెడివి. చిరునామా మారగానే వానికి డిస్కు కనబడకపోయెడిది. కావుననే అనుభవజ్ఞులు రెండవ విధమును ఎన్నుకొని, సంఖ్యను స్థిరపరతురు.

ఊరూరికి ఒక కాలము

ఇక రెండవ ఒప్పందమగు కాలమును గూర్చి చెప్పుకొందము. భూమి తన చుట్టు తాను తిరుగుటచే తూర్పుననున్న ఊరికి సూర్యుడు ముందుగాను, పడమరనున్న ఊరికి వెనుకగాను నడినెత్తికి వచ్చును. ఒక డిగ్రీ రేఖాంశమునకు 4 నిమిషముల భేదము. పూర్వము ప్రతి నగరమును తన సూర్యుని ననుసరించి తన గడియారము దిద్దుకొనెడిది. కాలినడకను, ఎడ్లబండిపైనను ప్రయాణించిన దినములలో ఈ భేదము ఎవరికిని బాధ కలిగింపలేదు. రైలు వచ్చిన తరువాతనే చిక్కు మొదలైనది. ఒకే పట్టాపై ఎదురెదురుగా వచ్చు రెండు బండ్ల గార్డులకు రెండు కాలములున్నచో ప్రాణములకే ముప్పు.

అందుచేత మన దేశపు రైళ్లు చిరకాలము మద్రాసు కాలమును పాటించినవి. ఈస్టిండియా కంపెనీవారు 1792లో మద్రాసున నెలకొల్పిన ఖగోళ వేధశాల ఆ కాలమును నిర్ణయించెడిది. తంతివార్త ద్వారా అది స్టేషన్లకు చేరెడిది. ఆ వేధశాల పని 1899లో కొడైకెనాలునకు మారినది. దాని వారసత్వమును నేడు మన బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వహించుచున్నది. 1906 జనవరి 1వ తేదీనుండి 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశమును ఆధారముగా చేసికొని భారత ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చినది. ఆ రేఖ ఆంధ్రదేశమున కాకినాడ ప్రాంతముగుండ పోవుచున్నది. కలకత్తా నగరము 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ పాత కాలమును విడువలేదు.

బెంగుళూరు రేఖాంశము సుమారు 77 డిగ్రీల 35 నిమిషములు. లెక్కవేసి చూచినచో మన సూర్యుడు మన గడియారమునకంటె దాదాపు 20 నిమిషములు వెనుకబడి యుండునని తేలును. ఐనను మనము కాకినాడ సూర్యునే నమ్మి బడికి వచ్చుచున్నాము. అందరికిని ఒకే కాలము కావలెనని మనము స్వచ్ఛందముగా చేసికొన్న ఒప్పందమది.

యంత్రపు గడియారమేల తప్పును?

ప్రతి స్విచ్చులోను ఒక చిన్న గడియారము ఉండును. స్ఫటికపు ముక్క యొకటి విద్యుత్తుచే కంపించుచు కాలమును కొలుచును. ఎంత నిపుణముగా కోసినను, వేడిమి మారినపుడును, వయస్సు పెరిగినపుడును ఆ కంపనములో స్వల్పమైన మార్పు వచ్చును. పది లక్షలలో 20 వంతుల తప్పు ఉన్నదనుకొందము. రోజునకు 86,400 సెకండ్లు కావున తప్పు రోజునకు సుమారు 1.7 సెకండ్లగును, 30 దినములకు దాదాపు 52 సెకండ్లగును. పది స్విచ్చులున్నచో పదియు పది విధములుగా తప్పును.

నిమిషము భేదము వచ్చినచో నేమి నష్టమని అడుగవచ్చును. ఒక కల్పిత దృష్టాంతము చూడుడు. ఒక ఆసుపత్రికి చెందిన నిల్వ జాలమున రాత్రి 2 గంటల 14 నిమిషముల 5 సెకండ్లకు నిల్వ పెట్టెలోని ఒక భాగము చెడినది. దాని ఫలితముగా మరుసటి సెకండున స్విచ్చు ద్వారము మూతపడినది. మరి రెండు సెకండ్లకు కంప్యూటరునకు డిస్కు కనబడకపోయినది. ప్రతి యంత్రమును జరిగినదానిని తన చిట్టాలో వ్రాసికొన్నది. నిల్వ పెట్టె గడియారము సరిగానే యున్నది. అది 2:14:05 అని వ్రాసినది. స్విచ్చు గడియారము 3 నిమిషములు వెనుకబడినది. అది 2:11:06 అని వ్రాసినది. కంప్యూటరు గడియారము 1 నిమిషము ముందున్నది. అది 2:15:08 అని వ్రాసినది.

తెల్లవారి పరీక్షించిన పనివాడు మూడు చిట్టాలను ప్రక్కప్రక్కన పెట్టి చదువును. స్విచ్చు ద్వారము మూడు నిమిషములు ముందుగా మూతపడినట్లు అతనికి కనబడును. కావున దోషము స్విచ్చుదేయని తలచి, మంచి స్విచ్చును తీసివేసి క్రొత్తది పెట్టును. చెడిన భాగము మాత్రము నిల్వ పెట్టెలో అట్లే యుండును. మరునాటి రాత్రి రోగి పూర్వ చికిత్స వివరము వైద్యునకు కావలసినపుడు అది మరల మొండికేయును. చిట్టాలు అబద్ధమాడలేదు, ప్రతి యంత్రమును తాను చూచినదే వ్రాసినది. గడియారములు కలియకపోవుటచే నిజములన్నియు కలిసి ఒక అబద్ధమైనవి. కారణము ముందును, కార్యము తరువాతను రావలెనను తర్కము కాలముపైననే ఆధారపడియున్నది.

ఉత్తరముల ద్వారా గడియారము దిద్దుట

దూరమున నున్న సరియైన గడియారమును చూచి మన గడియారము దిద్దుకొనుట యెట్లు? ‘ఇప్పుడెంతయైనది?’ అని అడిగినచో జవాబు వచ్చులోపల కొంత కాలము గడచిపోవును. ఈ చిక్కును తీర్చినవాడు అమెరికా దేశస్థుడగు డేవిడ్ ఎల్. మిల్స్. తరువాతి కాలమున ఈయన డెలావేర్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా పనిచేసి 2024లో మరణించెను. ఈయన 1985లో ప్రకటించిన పద్ధతికి నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ అని పేరు, క్లుప్తముగా ఎన్.టి.పి. అందురు. దాని నాల్గవ రూపము 2010లో ప్రమాణముగా ప్రకటింపబడినది.

దీని సూత్రము మన విద్యార్థులు కూడికతో, తీసివేతతో చేయగలిగినంత సులభము. స్విచ్చు తన గడియారము ప్రకారము 10:00:00కు ఒక ఉత్తరము పంపినది. కాలమిచ్చు యంత్రము దానిని తన గడియారము ప్రకారము 10:00:07కు అందుకొన్నది. 10:00:08కు జవాబు పంపినది. ఆ జవాబు స్విచ్చు గడియారము ప్రకారము 10:00:05కు చేరినది. స్విచ్చు లెక్కలో మొత్తము 5 సెకండ్లు గడచినవి. అందు 1 సెకండు అవతలి యంత్రము వద్ద గడచినది. మిగిలిన 4 సెకండ్లు రాకపోకలకు పట్టినవి. అనగా ఒక్కొక్క ప్రయాణమునకు 2 సెకండ్లు. 10:00:08కు బయలుదేరిన జవాబు నిజముగా 10:00:10కి చేరియుండవలెను. ఆ సమయమున స్విచ్చు 10:00:05 చూపుచున్నది. కావున స్విచ్చు 5 సెకండ్లు వెనుకబడియున్నది. వాస్తవ ప్రయాణము సెకండులో వేయవ వంతుల లెక్కలో ఉండును గాని గణితము ఇదియే.

ఈ లెక్కలో పోవు దారియు వచ్చు దారియు సమానమను ఊహ దాగియున్నది. అవి సమానము కానిచో భేదములో సగము తప్పుగా మిగులును. అందుచేతనే కాలమిచ్చు యంత్రము దగ్గరగా నుండుట మేలు. ఇంకను, ఒకే మూలమును నమ్మరాదు. ఒక్కటియే ఉన్నచో అది తప్పినను మనకు తెలియదు. రెండున్నచో ఏది తప్పినదో తేలదు. మూడున్నచో ఇద్దరి సాక్ష్యము కలిసి మూడవవాని తప్పును పట్టియిచ్చును. నాలుగున్నచో ఒకటి పని మానినను మూడు మిగులును.

దిద్దుటలోను ఒక మర్యాద కలదు. గడియారమును తటాలున వెనుకకు త్రిప్పినచో ఒకే క్షణము చిట్టాలో రెండుమారులు వచ్చును. కావున భేదము సెకండులో ఎనిమిదవ వంతు వరకు ఉన్నచో ఎన్.టి.పి. గడియారపు నడకను మెల్లగా హెచ్చించియో తగ్గించియో సరిచేయును. అంతకు మించినచో ఒక్కసారి మార్చును. 1000 సెకండ్లకు మించి భేదమున్నచో ఎన్.టి.పి. మూల కార్యక్రమము సామాన్యముగా దిద్దుట మానివేయును. అది ఏదో పెద్ద పొరపాటని తలచి మనిషి నిర్ణయమునకు విడుచును.

కాలము ఎచ్చటినుండి వచ్చును?

ఈ ఉత్తరములన్నిటికిని మూలమైన గడియారము పరమాణు గడియారము. 1967నుండి సెకండు అనగా సీజియం పరమాణువు వెలువరించు ఒకానొక కిరణము 9,19,26,31,770 మారులు కంపించు కాలమని నిర్వచింపబడినది. పరమాణు గడియారమును సున్న మెట్టు అందురు. దానికి నేరుగా తగిలించిన కంప్యూటరు మొదటి మెట్టు. దానిని అడిగి తెలిసికొన్నది రెండవ మెట్టు. ఇట్లు 15 మెట్ల వరకు లెక్కింతురు. మెట్టు దిగినకొలది నమ్మకము కొంచెము కొంచెము తగ్గును.

మన దేశమున ప్రామాణిక కాలమును కాపాడు బాధ్యత ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. బెంగుళూరునకును ఈ విషయమున ప్రముఖ స్థానము కలదు. నగర సమీపమున బ్యాలాలు గ్రామమున భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారి నావిక్ ఉపగ్రహ వ్యవస్థకు చెందిన కేంద్రము కలదు. 2013 మేలో అది ప్రారంభమైనది. ఉపగ్రహముల ద్వారా స్థానమును కనుగొనుటకు కాలము అత్యంత సూక్ష్మముగా తెలియవలెను. సెకండులో పదిలక్షవ వంతు తప్పినచో స్థానమున 300 మీటర్ల తప్పు వచ్చును. ప్రామాణిక కాలమును దేశమంతట పంచుటకై కేంద్ర ప్రభుత్వపు తూనికలు కొలతల శాఖ, జాతీయ భౌతిక ప్రయోగశాల, అంతరిక్ష పరిశోధన సంస్థ కలిసి చేపట్టిన పథకమున ఎన్నుకొనబడిన 5 నగరములలో బెంగుళూరు ఒకటి. అహమ్మదాబాదు, భువనేశ్వరము, ఫరీదాబాదు, గౌహతి తక్కినవి.

ఇది కేవలము శాస్త్రజ్ఞుల ముచ్చట కాదు; ప్రభుత్వపు ఆజ్ఞ కూడ కలదు. కంప్యూటర్లపై జరుగు దాడులను పర్యవేక్షించు సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థ 2022 ఏప్రిల్ 28వ తేదీన ఒక ఆదేశమును వెలువరించినది. దాని ప్రకారము సమాచార కేంద్రములును, సంస్థలును తమ యంత్రముల గడియారములను జాతీయ భౌతిక ప్రయోగశాల గాని జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రము గాని ఇచ్చు కాలముతో, లేదా వానితో సరిపోలు మూలముతో కలుపవలెను. చిట్టాలను 180 దినములు భద్రపరుపవలెను. దొంగ ఎప్పుడు వచ్చెనో, ఏ ద్వారమున వచ్చెనో తెలియుటకు చిట్టాయే సాక్షి. గడియారము సరిగా లేని సాక్షిని న్యాయస్థానము నమ్మదు.

పనిలోని క్రమము

ఇట్టి జాలమును అమర్చువారు పాటింపదగిన క్రమమును ఈ దిగువ చెప్పుచున్నాను. తీగ తగిలించుట చివరి పనియేగాని మొదటి పని కాదు.

మొదట కాగితముపై పట్టిక వ్రాయవలెను. ఏ గదిలో ఏ స్విచ్చు, దాని సంఖ్య యేమి అను వివరములు అందులో ఉండవలెను. మొదటి గదిలోని స్విచ్చులకు 11, 12 అనియు, రెండవ గదిలోని వానికి 21, 22 అనియు వేసినచో సంఖ్యను చూడగానే స్థలము గుర్తునకు వచ్చును. నడుమ విడిచిన సంఖ్యలు ముందు వచ్చు స్విచ్చులకు పనికివచ్చును. ఒక దారి తెగినను వేరొక దారి యుండుటకై పెద్ద సంస్థలవారు రెండు జాలములను వేరువేరుగా నడపుదురు. అవి కలియవని తెలిసినను వానిలోని సంఖ్యలు వేరుగా నుంచుటయే మంచిది. ఏనాడైన కలుపవలసి వచ్చినపుడు సంఖ్యల తగవు ఉండదు. చిట్టా చదువువాడును తికమకపడడు.

రెండవది, స్విచ్చు ఒంటరిగా నున్నపుడే దానికి నిర్ణయించిన సంఖ్య వేసి స్థిరపరుపవలెను. పని చేయుచున్న స్విచ్చునకు సంఖ్య మార్చవలెనన్నచో దానిని ఆపవలసి వచ్చును. దానిపై ఆధారపడిన వారందరికి అంతరాయము కలుగును. ముఖ్య స్విచ్చు ఏది కావలెనో దానికి ప్రాధాన్య సంఖ్య చిన్నదిగా వేయవలెను. లేనిచో నాయకత్వము ఎటో పోయి పడును.

మూడవది, కాలమండలమును నిర్ణయింపవలెను. విశ్వ కాలమునకు మన కాలము 5 గంటల 30 నిమిషములు ముందు. ఒక యంత్రము విశ్వ కాలమున, వేరొకటి భారత కాలమున చిట్టా వ్రాసినచో రాత్రి 2:14కు జరిగినది ముందు దినము 20:44కు జరిగినట్లు కనబడి తేదీయే మారిపోవును. ఏదైన ఒకటి ఎన్నుకొని అన్నిటికిని అదియే పెట్టవలెను.

నాల్గవది, గడియారమును చేతితో దాదాపుగా సరిచేసి, పిమ్మట కాలమిచ్చు యంత్రముల చిరునామాలు మూడు నాలుగు వ్రాయవలెను. కొన్ని తయారీలలో ముఖ్య స్విచ్చు మాత్రమే బయటి కాలమును అడిగి తక్కిన వానికి పంచును. కొన్నిటిలో ప్రతి స్విచ్చును వేరుగా అడుగవలెను. తాము కొన్నది ఏ విధమైనదో ముందుగా చదివి తెలిసికొనవలెను. నిజముగా కాలము కలిసినదో లేదో స్విచ్చునే అడిగి చూడవలెను. చిరునామా వ్రాసినంత మాత్రమున కలిసినట్లు కాదు.

ఇవి యన్నియు ముగిసిన తరువాతనే తీగ తగిలింపవలెను. అనంతరము సభ్యుల పట్టికను తెప్పించి, కాగితముపైని పట్టికతో సరిచూచి, ఆ కాగితమును భద్రపరుపవలెను. దానిని వ్రాసినవారు ఉద్యోగము మారిపోయినను ఆ కాగితము మాటలాడును.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ నగరములోని సమాచార కేంద్రములలోనే ఉద్యోగములు చేయవచ్చును. ఆ యంత్రములు ఏ దేశమున తయారైనను, వాని మాట ఏ భాషయైనను, వాని ధర్మము మనకు క్రొత్తది కాదు. పలు భాషలవారు కలిసి జీవించు బెంగుళూరులో మనము దినదినము చేయుచున్నదియు ఇదియే. ఇంట తెలుగు, వీధిలో కన్నడము పలుకుచు, ఎవరి పేరు, ఎవరి గుర్తు వారు నిలుపుకొందుము. బడి గంటకు, రైలు వేళకు మాత్రము అందరమును ఒకే గడియారమును చూతుము. గుర్తు పోగొట్టుకొనుట కలయిక కాదు. కాలము కలుపుకొనకుండుట స్వాతంత్ర్యము కాదు. ఈ రెండును ముందుగా కుదిరినచోటనే కలయిక నిలుచును.